ఉరికేముందు ఒళ్లు తడపాలె

పోశవ్వ ఎంత కాలం ఒక్క తావున కూసున్నదో ఆ ఇంటి గోడే చెప్తది. సుల్తానాబాద్‌ల రైలు పట్టాల అవతలి వాడల ఆమె ఇల్లు. తలుపు పక్కన, వెలుతురు మంచిగ పడే జాగల, గోడ సున్నం ఒక మనిషి వీపంత మేర అరిగి నున్నగ మెరుస్తది. ఆ నునుపుకు ఆనుకోని, ఒడిల చాట పెట్టుకోని, పోశవ్వ ముప్పై ఎనిమిదేండ్ల సంది బీడీలు చేస్తున్నది.

పదహారేండ్ల పిల్లగ ఈ ఇంటికి వచ్చింది. వచ్చిన మూడో నాడే అత్త చాట చేతికిచ్చి, "చెయ్యి తిరిగితే కడుపు నిండుతది బిడ్డా" అన్నది. చెయ్యి తిరిగింది. ఆకు కత్తిరించుడు, తంబాకు పోసుడు, చుట్టుడు, మూతి మలుపుడు, దారం కట్టుడు. చూసేటోళ్లకు ఐదు పనులు, పోశవ్వకు ఒక్కటే పని, ఊపిరి తీసుకున్నంత అల్కగ. వాడ మొత్తంల అంత జోరుగ తిరిగే చెయ్యి ఇంకోటి లేదు. గని చెయ్యి తిరిగినన్ని దినాలు కాళ్లు మడిచే ఉన్నయి. రైసుమిల్లుల హమాలీ పనిచేసిన పెనిమిటి బాలమల్లును కాటికి సాగనంపింది. కొడుకు గోపాల్‌ను బడికి తోలింది, పెద్దగయినంక బహ్రెయిన్ తోలింది. నవనీతను కోడలుగ తెచ్చుకున్నది. మనుమరాలిని గురుకులంల చేర్పిచ్చింది. ఇవన్నీ ఆ గోడకు ఆనుకునే చేసింది. ఇప్పుడు లేసి నిలవడాల్నంటే ఒక చెయ్యి నేలకు, ఒక చెయ్యి గోడకు పెట్టాలె. "అవ్వో" అనకుంట నడుము లేవదు.

ఆమె పుట్టింది మాత్రం బోథ్ దిక్కు, అడివి అంచున ఉన్న చిన్న ఊర్ల. ఎండాకాలం తునికాకు తెంపే దినాలల్ల, తెల్లారకముందే తల్లెంబడి అడివికి పోయేది. తల్లి ఒక చెట్టు కాడ ఆకు తెంపేలోపల పోశవ్వ మూడు చెట్లు దాటేది. వాగు దుంకేది, రాళ్ల మీంచి ఉరికేది. ఎన్క నుంచి తల్లి, "హళు పోరీ, హళు" అని ఒర్రేది. ఆ దిక్కు మాటలల్ల సగం మరాఠీయే. మెల్లగ పిల్లా, మెల్లగ అన్నట్టు. పోశవ్వకు ఆ మాట ఇనవడేది గని కాళ్లకు ఇనవడేది కాదు.

అటెన్క బతుకంతా ఆ ఆకే ఆమె చేతులల్లకొచ్చింది, ఆ అడివి మాత్రం రాలే. ఈ సంగతి ఎవరికీ చెప్పలే. చెప్పనీకి అదేం పెద్ద ముచ్చట అనుకున్నది.

నిరుడు ఎండాకాలం గోపాల్ సెలవు మీద వచ్చిండు. సబ్బులు, ఖర్జూరాలు, దుప్పట్లతోని పాటు ఒక డబ్బ తెచ్చిండు. ఆయన పనిచేసే ఇంటోళ్లు దేశం విడిచి పోతా పోతా ఇచ్చిన ఆట సామానట. దాన్ని టీవీకి కలిపిండు. రెండు చేతుల్ల పట్టుకొని పిసికే చక్రం ఒకటి, తొడకు కట్టుకునే పట్టీ ఒకటి. నిలవడ్డ కాన్నే నువ్వు ఉరికితే టీవీల బొమ్మ ఉరుకుతది. నువ్వు కూసుండి లేస్తే అది కూసుండి లేస్తది.

"నవనీతా, జర లావెక్కుతున్నవే. గిది ఆడు, తగ్గుతవ్" అన్నడు గోపాల్. నవ్వుకుంటనే అన్నడు. గని ఆ మాట నవనీతకు సన్న ముల్లు లెక్క దిగింది. కనవడదు, తీయరాదు. మొగడు విమానం ఎక్కిన తెల్లారి నుంచే ఆడుడు మొదలువెట్టింది.

నవనీత అంగన్‌వాడీ టీచరు. నాలుగు గంటలకు ఇంటికొచ్చి, మంచం పక్కకు జరిపి, ఏమన్న తిన్నదో లేదో, చక్రం చేతుల పట్టుకునేది. టీవీ పెట్టంగనే ముందుగాల నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు నిండ వచ్చేటివి. అవి పూర్తిగ రాకముందే నవనీత బొటనవేలు మీట మీద పడేది. అక్షరాలు మాయమయ్యేటివి. ఇంకో పేజీ వచ్చేది, దాన్నీ ఒత్తేది. అటెన్క ఒళ్లు కదిలిద్దామా అని బొమ్మ ఏదో అడిగేది, దానికీ వద్దనేది.

పోశవ్వ చాట మీంచి తల ఎత్తి ఒకనాడు అడిగింది. "ఏందే గది, గన్నేసి అక్షరాలు?"

"ఏం లేదత్తమ్మ. ప్రతిసారి వస్తయి. ఊకె."

"ప్రతిసారి ఊకె ఎందుకొస్తయి?"

"కంపెనీవోళ్లు ఏదో ఒకటి రాస్తరు. ఎవ్వలు చదువుతరు?" అన్నది నవనీత. అప్పటికే ఆమె ఉరుకుతున్నది.

గింతల టీవీల అడివి తెరుచుకున్నది. ఆకుపచ్చటి దారి. అటిటు చెట్లు. చెట్ల సందుల్లకెళ్లి ఎండ మచ్చలు మచ్చలుగ రాలుతున్నది. దారి మలుపు తిరిగినప్పుడల్ల ఒక పిట్టల గుంపు గుప్పున లేస్తున్నది. పోశవ్వ చేతిలున్న బీడీ సగం చుట్టి ఆగిపోయింది. ముప్పై ఎనిమిదేండ్లల్ల చెయ్యి అట్ల ఆగుడు గదే మొదలు.

ఆ రాత్రి పండుకుంటే కండ్లల్ల అదే దారి. తెల్లారి బీడీలు చేస్తుంటే చాటల ఆకులన్నీ ఆ చెట్ల మీదికెళ్లి రాలినట్టే అనిపిచ్చినయి. రెండు దినాలు అట్లనే కలల ఉన్నట్టు తిరిగింది. మూడోనాడు నవనీత అంగన్‌వాడీకి పోయినంక, ఎదురింటి బుచ్చవ్వ కూడ కునుకు తీసే యాళ్లకు, పోశవ్వ తలుపు దగ్గరికేసింది. కోడలు చేసినట్టే మీట ఒత్తింది. అక్షరాలొచ్చినయి, ఒత్తింది. ఇంకిన్ని వచ్చినయి, ఒత్తింది. చీర కింద, లంగ మీంచి తొడకు పట్టీ కట్టుకున్నది. చక్రం పట్టుకొని ఒక కాలు లేపింది. బొమ్మ ఒక అడుగు ఏసింది.

పోశవ్వకు నవ్వొచ్చింది. ఇంకో కాలు లేపింది.

మొదటినాడు పది అడుగులే. తెల్లారి ఇరవై. వారం తిరిగేసరికి ఆమె అర్రల నిలవడ్డ కాన్నుంచే గుట్ట ఎక్కుతున్నది, వాగు దాటుతున్నది. మధ్యానం ఎండకు వాడంతా మాగన్నుగ నిద్రపోతుంటది. దూరంగ గూడ్సు బండి పోతున్న సప్పుడు. ఇంట్ల ఫ్యాను కిర్రుమంటది. ఆ సప్పుళ్ల నడుమ పోశవ్వ కాళ్ల కింద చాప చాప లెక్క ఉండకపోయేది. ఎండిన ఆకుల మీద నడిచినట్టు, కాళ్లకు చల్లటి మన్ను తాకినట్టు అనిపిచ్చేది. ఇప్ప పూల వాసన కూడ వచ్చేది. అది టీవీల ఉండదని ఆమెకు ఎరుకే. అయినా వచ్చేది. ఎన్క నుంచి ఎవ్వలో "హళు" అన్నట్టు కూడ అయ్యేది. ఆమె ఆగకపోయేది.

శ్రావణం వచ్చింది. ఒకనాడు తెల్లారితే టేకేదారుకు బీడీలు అప్పజెప్పాలె, పని ఎక్కువున్నది. పొద్దున్నుంచి ఐదు గంటలు లేవకుంట చాట ముంగట కూసున్నది. బయట ముసురు, ఒళ్లంతా చలికి ముడుచుకపోయింది. నీళ్లు కూడ తాగలే. పని ఒడువంగనే గోడ పట్టుకొని లేసింది, లేసుడు లేసుడే పట్టీ కట్టింది. కోడలొచ్చే యాళ్ల కావస్తున్నది, జెప్పన ఒక్క గుట్టన్న ఎక్కుదామని ఆమె యావ. చాటను పక్కకు కూడ పెట్టలే. మంచం జరపలే.

టీవీల దారి ఆ దినం కొత్తది. పొగమంచు నడుమ పెద్ద మెట్లు. జోరుగ ఉరుకుమన్నది, ఉరికింది. ఎగురుమన్నది, ఎగిరింది. చేతులు బారజాపుమంటే చాపింది. చక్రం పోయి షోకేసు అద్దానికి ఠంగున తాకింది. అటు బెదిరి ఇటు కాలు ఏసింది. ఎడమ పిక్కల టక్కుమన్నది. దారం తెంపినప్పుడు వచ్చే సప్పుడు లెక్క చిన్నగ, సాఫుగ. ఎవ్వలో ఎన్క నుంచి పిక్క మీద కట్టెతోని కొట్టిండ్రా అని తిరిగి చూసింది. ఎవ్వలు లేరు. అటెన్క కాలు ఆమె మాట ఇనలే.

చాట మీద వడ్డది. తంబాకు ఇల్లంత లేసింది. కట్టిన కట్టలు మంచం కిందికి దొర్లినయి. టీవీల బొమ్మ మాత్రం మెట్ల మీద నిలవడి, ఎప్పుడొస్తవ్ అన్నట్టు ఇటే చూస్తున్నది.

సప్పుడిని బుచ్చవ్వ ఉరికొచ్చింది. తుమ్ముకుంట, దగ్గుకుంట పోశవ్వను పట్టి మంచం మీద కూసోవెట్టింది. "ఏమైంది వదినె? ఎట్ల వడ్డవ్?"

"బోళ్లు తోమి వస్తుంటే కాలు జారింది."

"మరి గీ టీవీ ఏంది?"

"అదంతల అదే మోగుతున్నది" అన్నది పోశవ్వ. నొప్పికి కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నా అబద్ధం మాత్రం నిమ్మలంగనే చెప్పింది.

నవనీత వచ్చింది. బోళ్లు తోమే జాగ పొడిగ ఉన్నది, తోమని బోళ్లు అట్లనే ఉన్నయి. అత్త కాలు ఎంత వాచిందో చూద్దామని చీర కుచ్చిళ్లు మోకాలు మీది దాక జరిపింది. తొడకు నల్లటి పట్టీ కట్టి ఉన్నది.

ముగ్గురు ఆడోళ్లు కొంచెంసేపు ఆ పట్టీ దిక్కే చూసిండ్రు.

"అత్తమ్మా!" అన్నది నవనీత. కోపానికి రావాల్నా నవ్వాల్నా తెల్వక మంచం అంచుకు కూలవడ్డది. "ఎన్ని దినాల సంది?"

"రోహిణి కార్తె సంది" అన్నది పోశవ్వ తల దించుకోని. అప్పుడు ఏడ్పొచ్చింది. కాలు నొప్పికి గాదు. దాచుకున్నది నలుగుట్ల పడ్డందుకు.

తెల్లారి కరీంనగర్ తీస్కపోయింది నవనీత. ఫోటో తీస్తే బొక్క ఇరగలే. పిక్క కండ సగం తెగిందన్నరు. కసరత్తు చేపిచ్చే గ్రేస్ అనే ఆమె కాడికి పంపిండ్రు. ముప్పై ఏండ్లు కూడ ఉండయి ఆమెకు. గోడకు చర్చివోళ్ల క్యాలెండరు, బల్ల మీద రంగురంగుల రబ్బరు పట్టీలు. కాలు మెత్తగ పట్టుకొని, ఎక్కడెక్కడ నొస్తుందో అడిగి, కట్టు కట్టి, నవనీత చెప్పిన టీవీ ఆట సంగతి ఇని, అప్పుడు అడిగింది.

"ఉరికేముందు ఏం చేస్తుంటివి అమ్మా?"

"కూసుండి బీడీలు చేస్తుంటి."

"ఎంతసేపు?"

"ఐదు గంటలు."

"లేవంగనే ఉరికినవా? జర కాళ్లు, చేతులు ఆడిచ్చుడు, నిలవడ్డ కాడ మెల్లగ నడుసుడు, గసొంటియేమి చెయ్యలేదా?"

"ఉరికేముందు నడుసుడెందుకు బిడ్డా? ఉరుకుతనే ఉన్న గద?"

గ్రేస్ నవ్వలే. ఒక రబ్బరు పట్టీ తీసి చూపెట్టింది. చలికి బిగుసుకున్న కండను ఒక్కసారే గుంజితే తెగుతదని, ముందు ఐదు పది నిమిషాలు మెల్లగ కదిలిస్తే నెత్తురు పారి ఎచ్చగయి సాగుతదని చెప్పింది. పోశవ్వ శ్రద్ధగనే ఇన్నది. రబ్బరు ముచ్చట మాత్రం ఆమెకు అందలే. ఏదో ఆలోచన చేసి, నెమ్మదిగ అన్నది.

"ఆకు లెక్కనా?"

"ఏమాకు?"

"తునికాకు. ఎండిన ఆకును ఉన్నదున్నట్టు చుడితే పలుగుతది. ముందుగాల తడుపుతం. తడి గోనెసంచిల సుట్టి పెడ్తం. అది మెత్తవడ్డంక నువ్వు ఎట్ల మలిపితే అట్ల మలుగుతది. ముప్పై ఎనిమిదేండ్లల్ల నేను ఒక్క ఆకును తడపకుంట చుట్టలే." కట్టు కట్టిన కాలు దిక్కు చూసింది. "నా ఒళ్లును మాత్రం ఎండినదే చుట్టిన."

"గంతే అమ్మా" అన్నది గ్రేస్. "నాకన్న నువ్వే మంచిగ చెప్పినవ్." అప్పుడు నవనీత దిక్కు తిరిగింది. "ఆట మొదలయ్యేటప్పుడు గివన్నీ రాసి ఉంటయి గద. చదివి చెప్పలేదా ఆమెకు?"

నవనీత చేతిసంచి పట్టీని వేలికి చుట్టుకుంట కూసున్నది.

ఆరు వారాలు కాలు ఎత్తుమీద పెట్టి పండుకోవాలన్నరు. ఫోన్ల గోపాల్ కొడుకు లెక్క గాక తండ్రి లెక్క కోపానికొచ్చిండు. "గీ వయసుల నీకెందుకవ్వా గా ఆటలు? ఎవలన్న ఇంటే నవ్వుతరు. నవనీతా, గా డబ్బ సజ్జ మీద పడెయ్యి." నవనీత పడేసింది. టీవీల మల్ల సీరియళ్లే మిగిలినయి.

మంచం మీద పండుకున్న పోశవ్వకు దినమంతా ఒక్కటే పొడుగు మధ్యానం లెక్క అయింది. కిటికీలకెళ్లి ముసురు కనవడేది. కండ్లు మూస్తే దారి కనవడేది. కలల ఆమె ఉరకకపోయేది. దారి ముంగట నిలవడేది, అక్కడెవరో ఏదో చెప్తున్నట్టు ఉండేది, భాష అర్థం కాకపోయేది. వాళ్లను పక్కకు నూకి పోదామంటే మెలుకువ వచ్చేది. ఇట్ల నాలుగైదు దినాలు అదే కల.

ఒక ఆదివారం నవనీత కాలికి ఐసుగడ్డ పెడ్తుంటే అడిగింది. "బిడ్డా, గా డబ్బ దింపు."

"అత్తమ్మ, మల్లనా!"

"నేనేం ఆడ. గా అక్షరాలు చదివి చెప్పు. మొత్తం చెప్పు. ఒత్తకు."

నవనీత స్టూలు ఎక్కి డబ్బ దింపింది. టీవీ పెట్టింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలొచ్చినయి. బొటనవేలు అలవాటు కొద్ది మీట మీదికి పోయింది, ఎనుకకు తీసుకున్నది. ఒక్కొక్క మాట కూడవలుక్కుంట, అంగన్‌వాడీల పిల్లలకు చెప్పినట్టు చెప్పింది.

"చుట్టుపక్కల మనుషులు, సామాను లేకుంట చూసుకోవాల్నట."

"షోకేసు" అన్నది పోశవ్వ.

"నేల జారేటట్టు ఉండొద్దట. చేతిలున్నది జారిపోకుంట పట్టీ మణికట్టుకు ఏసుకోవాల్నట."

"ఊఁ."

"కడుపుతోని ఉన్నోళ్లు, గుండె జబ్బు, బీపీ ఉన్నోళ్లు, కీళ్ల నొప్పులోళ్లు డాక్టరును అడిగినంకనే ఆడాల్నట. ఆడేముందు ఒళ్లు కదిలిచ్చుకోవాల్నట. కొంచెంసేపు ఆడి ఆగాల్నట, నీళ్లు తాగాల్నట. అలిసిపోయినా, నిద్ర లేకపోయినా ఆడొద్దట."

"ఎవడు రాసిండోగని" అన్నది పోశవ్వ, "మనిషి మంచోడే. దినాం వాకిట్ల నిలవడి పైలం అని చెప్తుండు. మనం మొఖం మీదనే తలుపేస్తున్నం."

నవనీత కింది వరుసకు పోయింది. "ఆడేటప్పుడు తల తిరిగినా, కండ్లు మసకవడ్డా, ఛాతీల నొచ్చినా, గుండె..." అక్కడ ఆగింది.

పోశవ్వ ఎదురుచూసింది. "గుండె?"

"గుండె దడదడ కొట్టుకున్నా వెంటనే ఆపి డాక్టరుకు చూపెట్టుకోవాల్నట."

నవనీత గొంతుల ఏదో తేడా కొట్టింది. పోశవ్వ కోడలి మొఖం దిక్కు చూసింది. ఇన్ని దినాలు ఆమె చూసింది టీవీలున్న బొమ్మను, దాని దారిని. ఉరికే కోడలిని సక్కగ చూడలే. కండ్ల కింద నల్లగయింది. పెదవులు పాలిపోయి ఉన్నయి. చేతివేళ్ల గోర్లు తెల్లగ ఉన్నయి.

"నీకు అయితుందా బిడ్డా?"

నవనీత ముందుగాల తల అడ్డంగ ఊపింది. అటెన్క ఊపుడు ఆపింది. "రెండు నెల్ల సంది. ఉరుకుతుంటే కండ్లకు చీకట్లు వస్తయి. గుండె గొంతుల కొట్టుకున్నట్టు అయితది. కొత్తల అందరికి గట్లనే ఉంటదేమో అనుకున్న. ఆయన మల్ల వచ్చేటాల్లకు తగ్గాలె గదా అని, మధ్యానం అన్నం కూడ..."

పోశవ్వ చెయ్యి చాపి కోడలి చెయ్యి పట్టుకున్నది. చల్లగ ఉన్నది. బీడీలు చుట్టి చుట్టి గట్టివడ్డ వేళ్లతోని ఆ చేతిని నిమురుకుంట కూసున్నది. బయట ముసురు ఆగలే. టీవీల తెల్లటి అక్షరాలు కదలకుంట నిలవడే ఉన్నయి.

తెల్లారి పోశవ్వ కుంటుకుంటనే ఆటో ఎక్కింది, కోడలిని దవాఖానకు తీస్కపోనీకి. నర్సు ముంగట అత్త కుర్చీల కూసుంటే, రోగి ఎవ్వలో ఆమెకు తెల్వలే. "నాకు గాదు, గీ పిల్లకు" అన్నది పోశవ్వ కట్టు కట్టిన కాలు కుర్చీ కిందికి దాపెట్టుకుంట. నెత్తురు పరీక్ష చేసిండ్రు. పన్నెండు ఉండాల్సిన నెత్తురు ఏడే ఉన్నదన్నరు. ఇట్లనే తినకుంట ఉరికితే ఎక్కడనో ఒక కాడ పడిపోయేదని డాక్టరమ్మ గట్టిగనే మందలిచ్చింది. గోలీలు రాసింది. మూడు నెలలు ఉరుకుడు బంద్, మెల్లగ నడుసుడే, అన్నం కడుపునిండ తినాలె అన్నది.

ఆ మాపటిలి గోపాల్‌కు ఫోను చేసింది పోశవ్వే. ఎన్నడు కొడుకును గట్టిగ అనని మనిషి. "నీ పెండ్లాం లావుగ లేదు బిడ్డా. దాని ఒంట్ల నెత్తురు లేదు. నువ్వు నవ్వుకుంట అన్న మాటకు అది అన్నం మానేసింది." కొడుకు, "అవ్వా, ఫోను నవనీతకియ్యి" అన్నడు. గోపాల్ ఏమన్నడో పోశవ్వ ఇనలే. నవనీత ఫోను చెవికి పెట్టుకొని వాకిట్లకు పోయింది, వచ్చేసరికి ఆమె కండ్లు తడిగ ఉన్నయి, మొఖం మాత్రం అల్కగ ఉన్నది. ఆ రాత్రి తోటకూర పప్పు రెండుసార్లు ఏసుకున్నది.

దసరా పోయింది. గ్రేస్ నేర్పిన కసరత్తులు పోశవ్వ దినాం చేసింది. కాలి వేళ్లు లేపుడు, మడిమ తిప్పుడు, గోడ పట్టుకొని మెల్లగ పిక్క సాగదీసుడు. వీపు ఆనిచ్చిన గోడనే ఇప్పుడు రెండు చేతులతోని పట్టుకొని నూకుతుంటే వాడోళ్లు తలుపులకెళ్లి తొంగిచూసిండ్రు. "పోశవ్వ ఇల్లు జరుపుతున్నది" అన్నది ఎవ్వలో. పోశవ్వ కూడ నవ్వింది.

సంకురాత్రి దాటినంక, గ్రేస్ సరేనన్నంక, నవనీతకు నెత్తురు పదకొండుకు వచ్చినంక, డబ్బ మల్ల సజ్జ మీంచి దిగింది. ఈసారి మంచం వాకిట్లకు పోయింది. షోకేసు లోపటి అర్రలకు పోయింది. చాప కింద రబ్బరు పట్ట ఏసిండ్రు, జారకుంట. పక్కన చెంబుతోని నీళ్లు. అక్షరాలు వచ్చినప్పుడు ఇద్దరు నిలవడి చూసేటోళ్లు. పోశవ్వకు చదువ రాదు గని, ఏ వరుసల ఏమున్నదో కంఠత వచ్చింది. బొమ్మ ఒళ్లు కదిలిద్దామా అంటే, "ఆఁ, కదిలిద్దాం" అనేది దానితోని మాట్లాడినట్టు.

మొదలు బుచ్చవ్వ వచ్చింది, ఊకె చూస్త అనుకుంట. చూసుడు నాలుగు దినాలే అయింది. తర్వాత వీధి చివరి కొమురవ్వ. వాళ్లు కూడ బీడీలు చేసేటోళ్లే, వాళ్ల ఇండ్లల్ల కూడ గోడలు అరిగే ఉన్నయి. నాలుగు గంటలకు చాటలు పక్కకు పెట్టి వచ్చేటోళ్లు. చీరలు బిగగట్టుకునేటోళ్లు. ఎవ్వలన్న రాంగనే చక్రం అందుకోవోతే పోశవ్వ చెయ్యి అడ్డం పెట్టేది.

"ముందుగాల ఒళ్లు తడుపుండ్రి."

కొత్తగ వచ్చినోళ్లు నీళ్ల కోసం చూసేటోళ్లు. అప్పుడు ఆకు ముచ్చట చెప్పేది. ఆ ముచ్చట బీడీలు చేసే ఆడోళ్లకు రెండోసారి చెప్పాల్సిన అక్కర రాలే. అందరు నిలవడి మెల్లగ మడిమలు తిప్పేటోళ్లు, భుజాలు గుండ్రంగ ఆడిచ్చేటోళ్లు. ఏండ్ల తరబడి ముందటికి ఒంగిన మెడలు ఒక్కొక్కటే పైకి లేసేటివి. బొక్కలు పటపటమనేటివి. "అవ్వో, నా మెడల అటుకులు దంచుతుండ్రు" అనేది కొమురవ్వ.

"బీపీ గోలి ఏసుకున్నవా?" అని అడిగేది పోశవ్వ. "పొద్దున ఏమన్న తిన్నవా? తల తిరిగితే చెప్పు. సిగ్గువడకు. సిగ్గువడి నేను ఆరు వారాలు మంచం మీద ఉన్న."

అటెన్క వంతుల వారీగ ఉరికేటోళ్లు. పోశవ్వ ఎక్కువ ఉరకకపోయేది. నడిచేది. నడిస్తే బొమ్మ కూడ నడిచేది, మార్కులు తక్కువొచ్చేటివి, కింద ఏదో అక్షరం మినుకుమినుకుమనేది. ఆమెకు దాని ఫికర్ లేదు. మెల్లగ పోతే దారి ఎక్కువసేపు ఉంటదని ఆమె కనుక్కున్నది. జోరుగ ఉరికినప్పుడు కనవడనియి ఇప్పుడు కనవడ్డయి. చెట్టు మొదలు కాడ ఒక నీలం పువ్వు. వాగు అడుగున రాళ్లు. దూరాన గుట్ట మీద ఒక్కతే నిలవడ్డ మేక. అవన్నీ ఎవ్వలో గీసిన బొమ్మలని ఎరుకే. అయినా మేక దిక్కు చూసుకుంట నడుస్తుంటే, దాని మెడల గంట సప్పుడు పోశవ్వకు ఒక్కదానికే ఇనవడేది.

పోయిన నెల, ఎండలు ముదురుతున్న దినాలల్ల, ఒకనాడు మబ్బు పట్టి గాలి లేసింది. ఆ దినం నలుగురున్నరు. చక్రం నవనీత చేతిల ఉన్నది, మిగిలిన ముగ్గురు ఎన్క నిలవడి ఆమెతోని అడుగు కలుపుతుండ్రు. దారి ఎత్తు ఎక్కుతున్నది. ఇంకో మలుపు తిరిగితే గుట్ట కొన. గప్పుడు ఉరిమింది, కరెంటు పోయింది. టీవీ నల్లవడ్డది. ఫ్యాను నాలుగు చుట్లు తిరిగి ఆగింది. అర్రంత మసక చీకటి.

"అయ్యో, అడివి పోయె!" అన్నది బుచ్చవ్వ. అని దబ్బున కూలవడవోయింది.

"కూసోకు" అన్నది పోశవ్వ. ఆమె కాళ్లు ఆగలే. "ఉరుకుతున్నోళ్లు ఒక్కపారే ఆగొద్దు. మెల్లగ తగ్గిచ్చుండ్రి. గట్లనే నడువుండ్రి."

ఎవ్వలకు ఎవ్వల మొఖం సక్కగ కనవడకుంట నలుగురు నడిచిండ్రు. బయట రేకుల మీద చినుకులు మొదలైనయి. చాప మీద ఎనిమిది పాదాలు, ముందుగాల తలా ఒక తీరు, అటెన్క అటెన్క ఒక్క తీరు. నవనీత ఊపిరి నిమ్మలంగ వస్తున్నదని పోశవ్వ చీకట్లనే చెవి పెట్టి ఇన్నది. తడిసిన మన్ను వాసన కిటికీలకెళ్లి లోపటికి వచ్చింది.

"ఇంకెంత దూరమే వదినె?" అని అడిగింది బుచ్చవ్వ.

"నాకేమెరుక" అన్నది పోశవ్వ. "నడువు."

కరెంటు ఇంకా రాలే.